మోటారు షెడ్డు కట్టడానికి పట్టిన 33 రోజులు

ఆగస్టు 19, రాత్రి తొమ్మిదిన్నర. ట్యాంకు నింపుదామని స్టార్టరు నొక్కాను. మోటారు తిరగలేదు, మూలిగింది. ఆపేసేలోపే ఇంటి వెనకంతా వైండింగ్ కాలిన వాసన కమ్మేసింది. పదమూడు నెలల కిందట కూడా అచ్చం ఇదే వాసన. ఏమైందో లైటు వేసి చూడాల్సిన పని లేకపోయింది. వాన పడుతూనే ఉంది. మోటారు మీద కప్పిన టార్పాలిన్ ఒక మూల గాలికి లేచిపోయి, ధార నేరుగా ఫ్యాను కవరు మీద పడుతోంది. నాకు ఏడుపొచ్చింది. ఆ టార్పాలిన్‌ని ఆ సాయంత్రమే నా చేతులతో బిగించి కట్టాను.

మెకానిక్ అన్న రెండో రోజుకి గానీ రాలేకపోయాడు. మోటారు విప్పి, వెనక మూత తీసి నా ముందు పెట్టాడు. రాగి తీగ ఒక పక్కన బొగ్గులా నల్లబడి ఉంది. అడుగున పలచటి బురద పొర, బేరింగు చుట్టూ తుప్పు. "చెల్లెమ్మా, ఇది వోల్టేజీకి కాలింది కాదు. పైనుంచి వాన తడి, కిందనుంచి బురద తడి. వైండింగ్ చేయించి మళ్లీ ఇదే చోట పెట్టావంటే మళ్లీ నన్నే పిలుస్తావు" అన్నాడు. స్టార్టరు డబ్బా తెరిచాడు. మోటారుకి కరెంటు కలిపే కాంటాక్టరు పాయింట్ల మధ్య ఎండి అతుక్కుపోయిన బల్లి. అది ఎప్పటి నుంచి అక్కడుందో తెలియదు.

27వ తేదీన మోటారు తిరిగొచ్చింది. ఎనిమిది రోజులు బిందెలతోనే గడిచాయి. ఆ రాత్రి కూర్చుని రెండుసార్ల రీవైండింగు, బేరింగులు, కాంటాక్టరు, రాకపోకల కూలి అన్నీ కలిపి లెక్క వేశాను. తర్వాత కట్టిన షెడ్డుకి అయిన ఖర్చులో అది మూడో వంతు దాటింది. ఇంకోసారి కాలితే దాదాపు సగం. వానలు తగ్గగానే కట్టించేయాలని ఆ రాత్రే అనుకున్నాను.

ఇక్కడ ఒక మాట. మాది ఒకటిన్నర హెచ్‌పీ జెట్ మోటారు. మోటారు పైనే ఉంటుంది, రెండు పైపులు బోరులోకి దిగుతాయి, అడుగున నీళ్లని పైకి తోసే జెట్టూ, పైపులోని నీళ్లు కిందికి జారిపోకుండా ఆపే ఫుట్‌వాల్వూ ఉంటాయి. సబ్‌మెర్సిబుల్ ఉన్నవాళ్లకి మోటారు నీళ్లలోనే ఉంటుంది కాబట్టి షెడ్డులో ఉండేవి స్టార్టరూ వాల్వులే. కానీ పైపులు పైకి లాగాల్సిన రోజు వాళ్లకీ వస్తుంది. కింద చెప్పినదాంట్లో ముఖ్యమైనదంతా ఆ రోజు గురించే.

గీత గీసిన రోజు

నవంబరు 11 పొద్దున్న మేస్త్రి వచ్చాడు. గోడల మందంతో కలిపి 5 అడుగులకు 5 అడుగులు చాలనుకున్నాను. మోటారు ఎంత ఉంటుంది, రెండు అడుగులు కూడా ఉండదు కదా. బోరు సరిగ్గా మధ్యలోకి వచ్చేలా సున్నంతో గీశాం. పైన సిమెంటు స్లాబు వేద్దామన్నాడు మేస్త్రి. "ఒక్కసారి వేస్తే జీవితాంతం చూసుకోనక్కర్లేదమ్మా" అన్నాడు. నాకూ అదే నచ్చింది. రేకులంటేనే నాకు భయం పట్టుకుని ఉంది.

అదృష్టం కొద్దీ అటువైపు పని మీద వెళ్తున్న మెకానిక్ అన్న బండి ఆపాడు. సున్నం గీత చూశాడు, ఏమీ అనలేదు. సంచిలోంచి రెండడుగుల పైపు రెంచి తీసి, గీత లోపల గొంతుక్కూర్చుని, బోరు పైపు పట్టుకుని తిప్పుతున్నట్టు చేశాడు. గీత నుంచి లోపలికి అరడుగు గోడ పోతే, రెంచి చివర గోడకే తగిలేలా ఉంది. "ఇక్కడ గోడ ఉంటే నా వేళ్లు పోతాయి" అన్నాడు. తర్వాత లేచి తల పైకెత్తి ఆకాశం చూపించాడు. "బోరులో పైపు ఒక్కొక్కటి ఇరవై అడుగులు. ఐదు జతలున్నాయి. రేపు ఫుట్‌వాల్వు పోతే ఆ పైపుని ఎటు లాగమంటావు? స్లాబులోంచా?"

మేస్త్రీ నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం.

ఆ పది నిమిషాలు లేకపోతే నేను ఈ పాటికి స్లాబు పగలగొట్టిస్తూ ఉండేదాన్ని. వాన నుంచి మోటారుని కాపాడే గది ఎవరైనా కడతారు. మోటారు, పైపులు బయటికి తీసే మనిషికి వీలుగా ఉండే గది కట్టాలి. గీతంతా చెరిపి మళ్లీ గీశాం. లోపలి కొలత 8 అడుగులకు 6 అడుగులు. బోరు మధ్యలో కాదు, ముందు గోడ వైపు, ఏ గోడకైనా రెండున్నర అడుగులు తగ్గకుండా. పైకప్పు రేకులే. బోరు మీదికి వచ్చే రెండు రేకులు మాత్రం నట్లు విప్పితే ఊడొచ్చేలా. బోరుని గది బయటే ఉంచి మోటారుని మాత్రం లోపల పెట్టుకోవచ్చని కూడా అన్న చెప్పాడు. జెట్ మోటారుకి అది కుదురుతుందట. స్థలం ఉంటే నేను అదే చేసేదాన్నేమో. మా దగ్గర బోరు పక్కనే దారి, బోరు మూత మీద పశువులు కాలు వేస్తాయి. అందుకని లోపలికే తీసుకున్నాను.

బోరు నేలలో మునిగిపోబోయింది

నవంబరు 12 అంతా ఒకే ఒక్క ప్రశ్నతో పోయింది: నేల ఎంత ఎత్తు లేపాలి? పాత టార్పాలిన్‌కి పాతిన కర్రల మీద మొన్నటి వానల బురద గీత ఇంకా ఉంది. టేపు పెట్టి కొలిచాను, నేల నుంచి 7 అంగుళాలు. అంటే ఆ రోజుల్లో మోటారు సగం నీళ్లలో ఉందన్నమాట. నేల 12 అంగుళాలు లేపాలని అప్పటికప్పుడు తేల్చుకున్నాం.

సాయంత్రం చీకటి పడుతుంటే నాకు తట్టింది. బోరు కేసింగ్, అంటే బోరు గోడకి తొడిగిన పెద్ద గొట్టం, నేల మీదికి 4 అంగుళాలే ఉంది. గది నేలని 12 అంగుళాలు లేపితే కేసింగ్ నోరు గచ్చు కంటే కిందికి పోతుంది. గది కడిగిన నీళ్లు, కారిన ఆయిలు, అన్నీ తిన్నగా మనం తాగే నీళ్లలోకి. పొద్దున్నే మేస్త్రికి చెబితే "గచ్చులో చిన్న గుంత వదిలేద్దాంలేమ్మా" అన్నాడు. ఒప్పుకోలేదు. కేసింగ్ నోరు గచ్చు కంటే కనీసం అడుగు ఎత్తులో ఉండాలి, ఇందులో బేరం లేదు.

కేసింగ్‌కి అతికే ముక్క, రెంటినీ కలిపే కప్లింగు అంత తేలిగ్గా దొరకలేదు. చూడ్డానికి ఒకేలా ఉన్నా పైపు మందం వేరైతే కప్లింగులో వదులుగా కూర్చుంటుంది. రెండు చోట్ల తెచ్చి వెనక్కిచ్చాం. చివరికి పాత కేసింగ్ నోటి నుంచి అంగుళం వెడల్పు వలయం కోసి, దాన్ని చేత్తో పట్టుకెళ్లి సరిపోల్చి తెచ్చాం. మీరూ ముక్క కోసుకునే వెళ్లండి, కొలత రాసుకుని వెళ్తే సరిపోదు. 14వ తేదీ మధ్యాహ్నం అతికించాం.

దానికి ముందురోజే, 13న, మోటారు విప్పేశాం, పునాది తవ్వకం మొదలైంది. బోరు నోట్లో చుట్టిన గోనెసంచి కుక్కి, పైన పళ్లెం బోర్లించి, దాని మీద రాయి పెట్టాను. మేస్త్రి కుర్రాడు నవ్వాడు. రెండు గంటల తర్వాత తవ్వుతుంటే ఎగిరిన కంకర రాయి ఒకటి ఆ పళ్లెం మీద టంగుమని పడింది. నా గుండె ఝల్లుమంది. ఆ రాయి వంద అడుగుల కిందికి పోయి పైపులకీ కేసింగ్‌కీ మధ్య ఇరుక్కుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ వణుకు వస్తుంది. ఆ కుర్రాడు మళ్లీ నవ్వలేదు, పని అయ్యేదాకా రోజూ తనే ఆ సంచిని సరిచూసేవాడు.

నీళ్ల గది కట్టడానికి నీళ్లు లేవు

ఇది ఎవరూ ముందు చెప్పలేదు. మోటారు విప్పాక నీళ్లెక్కడివి? సిమెంటు కలపడానికి నీళ్లు, గోడ తడపడానికి నీళ్లు, ఇంట్లోకి నీళ్లు. విప్పే ముందు రోజు రాత్రి ట్యాంకూ ఐదు 200 లీటర్ల డ్రమ్ములూ నింపి పెట్టాను. పది రోజులు లెక్క వేసుకున్నాను. నాలుగో రోజుకి డ్రమ్ముల్లో అడుగు కనబడింది. మోటారు ఆపి ఉన్నది పది రోజులు కాదు, సరిగ్గా 30 రోజులు. పక్కింటి వదిన రోజూ పొద్దున్న అరగంట తన గొట్టం మా వైపు వేసి ఉండకపోతే గోడలు ఎండి పగుళ్లిచ్చేవి. మీరు మొదలుపెట్టే ముందే పక్కవాళ్లని అడిగి పెట్టుకోండి, మొహమాటపడొద్దు.

పునాది రెండడుగుల లోతు. దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు, గట్టి నేల తగిలింది, రెండు రోజుల్లో నేల మట్టానికి వచ్చేసింది. మొరం పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టించాను.

17న గచ్చూ, మోటారు దిమ్మా పోశాం. ఈ దిమ్మ దగ్గర రెండు విషయాలు చెప్పాలి. ఒకటి, దిమ్మ గచ్చుతో కలిసిపోకూడదు. చుట్టూ అంగుళం సందు వదిలి థర్మాకోల్ పలక పెట్టి పోయించాను. కలిపి పోస్తే మోటారు అదురు గచ్చుకీ, గచ్చు నుంచి గోడకీ పాకుతుంది, ప్లాస్టరింగు నెర్రెలిస్తుంది. దిమ్మ బరువు మోటారు బరువుకి కనీసం మూడింతలు ఉండాలని అన్న చెప్పిన లెక్క. మా మోటారు 30 కిలోల లోపే. దిమ్మ 2 అడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, గచ్చు మీదికి అడుగు ఎత్తు. ఘనపుటడుగు కాంక్రీటు దాదాపు 68 కిలోలు తూగుతుంది కాబట్టి 170 కిలోలు. కావలసినదాని కంటే ఎక్కువే, పోనివ్వండి.

రెండోది బోల్టులు. మేస్త్రి నాలుగు బోల్టులు తడి కాంక్రీటులో చేత్తో గుచ్చబోయాడు. ఆపాను. మోటారు అడుగుని ఒక చెక్క పలక మీద పెట్టి, పెన్సిలుతో రంధ్రాల గుర్తులు గీసి, పలకకి నాలుగు రంధ్రాలు వేయించి ఉంచాను. బోల్టులు ఆ పలకకి బిగించి, పలకతో సహా కాంక్రీటు మీద దింపాం. గట్టిపడ్డాక పలక లాగేశాం. తర్వాత మోటారు ఎత్తి పెడితే నాలుగు బోల్టులూ ఒకేసారి రంధ్రాల్లోకి వచ్చాయి. ఆ పూట నాకు కలిగిన ఆనందం ఎవరికి చెప్పినా అర్థం కాదు.

గచ్చుకి వాలు వెనక మూలకి ఇచ్చి, అక్కడ రెండంగుళాల గొట్టం బయటికి పెట్టాం, బయటి నోటికి జాలీతో. కేసింగ్ చుట్టూ మాత్రం గచ్చు ఉబ్బెత్తుగా, నీళ్లు దాన్నుంచి దూరంగా జారేలా.

గోడలూ, గాలీ, ఎలుకలూ

19 నుంచి 23 దాకా గోడలు. ఆరంగుళాల సిమెంటు ఇటుకలు. ముందు గోడ 8 అడుగులు, వెనక గోడ 7 అడుగులు, కాబట్టి వాన వెనక్కి జారిపోతుంది, తలుపు మీదా బోరు మీదా పడదు. రేకుల్ని పట్టే ఇనప బద్దీల చివర్లని గోడ పైవరసలో కాదు, ఒకటిన్నర అడుగు కిందికి దింపి గోడలో కట్టించాను. గాలి రేకుని తొక్కదు, పైకి లాగుతుంది. మా టార్పాలిన్‌కి జరిగిందీ అదే.

కిటికీ వద్దన్నాడు మేస్త్రి, దొంగల భయం అన్నాడు. కానీ మోటారు గాలితోనే చల్లబడుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వైండింగ్ ఇన్సులేషన్ ఆయుష్షు సగానికి పడిపోతుందని మోటార్ల పనివాళ్లందరూ చెప్పే లెక్క. మూసేసిన రేకుల గదిలో పెట్టడమంటే వాన నుంచి తప్పించి నిప్పుల్లో పెట్టడమే. ఎడమ గోడకి కింద ఒక జాలీ కిటికీ, కుడి గోడకి పైన ఒకటి పెట్టించాను. కింద నుంచి చల్లగాలి వచ్చి, వేడిగాలి పైనుంచి పోతుంది. కింది కిటికీ కూడా గచ్చు కంటే అడుగు పైనే. జాలీ కన్ను ఎంతుండాలనేది పెన్సిలు గుచ్చి చూశాను. పెన్సిలు దూరే సందులోంచి చిట్టెలుక దూరగలదు. పెన్సిలు పట్టని జాలీ తెచ్చి రెండు పొరలు కాకుండా ఒకటే బలమైనది వేయించాను. పైపులు గోడ దాటే చోట పైపు కంటే పెద్ద గొట్టం ముక్క గోడలో పెట్టి, పైపు దాంట్లోంచి పోయేలా చేశాం, సందులో రబ్బరు కుక్కాం. పైపుని నేరుగా సిమెంటుతో పూడిస్తే అదురుకి గోడ చిట్లుతుంది, రేపు పైపు తీయాలంటే గోడ పగలగొట్టాలి.

25, 26 ప్లాస్టరింగు. ఆ తర్వాత వారం రోజులు పొద్దునా సాయంత్రం నేనే తడిపాను. చేతులు పగిలాయి.

తలుపు కోసం పద్నాలుగు రోజులు

తలుపు నవంబరు 24న చెప్పాను. మూడు రోజుల్లో ఇస్తామన్నారు. డిసెంబరు 8న వచ్చింది. మధ్యలో వెళ్లిన ప్రతిసారీ "రేపు". ఒకరోజు వెళ్తే నా కొలత కాగితం మీద టీ గ్లాసు పెట్టి ఉంది, పని మొదలే కాలేదు. తలుపు లేకుండా స్టార్టరు బిగించనని ఎలక్ట్రీషియన్ అన్నాడు, అతని మాటలో తప్పు లేదు. ఆ ఒక్క తలుపే పదకొండు రోజులు ఆలస్యమైంది. గోడ మొదలెట్టకముందే, పునాది రోజునే తలుపు చెప్పి ఉండాల్సింది. ద్వారం కొలత ఎలాగూ ముందే తెలుసు.

కొలత మాత్రం సరిగ్గా చెప్పినందుకు సంతోషం. రెండున్నర అడుగులు సరిపోతుందని అందరూ అన్నారు. మోటారుని ఇద్దరు చెరో పక్క పట్టుకుని నడిస్తే ఎంత వెడల్పు కావాలో మా మరిదితో కలిసి ఖాళీ డ్రమ్ము మోసి చూశాను. 3 అడుగులు. తలుపు బయటికి తెరుచుకుంటుంది, లోపల ఎవరైనా కరెంటు తగిలి పడిపోతే తలుపుకి అడ్డం పడకుండా.

ఈలోగా 4, 5 తేదీల్లో రేకులు ఎక్కాయి. ఒక రేకుని కుర్రాడు గ్రైండరుతో కోశాడు. కోస్తున్నంతసేపూ నిప్పురవ్వలు పక్క రేకుల మీద పడ్డాయి, చూడ్డానికి మతాబులా ఉంది, నేనూ చూస్తూ నిలబడ్డాను. రెండు రోజులు మంచు కురిశాక చూస్తే కొత్త రేకుల మీద ఆవాలు చల్లినట్టు గోధుమరంగు చుక్కలు. ఆ రవ్వలు ఇనప పొడి. రేకుకి అంటుకుని తుప్పు పడుతున్నాయి. తడిగుడ్డతో తుడిచి, గీరి, పూత వేసుకునేసరికి ఒక పూట పోయింది. రేకుని రేకు కత్తెరతో కోయించండి, గ్రైండరు తప్పదంటే మిగతా రేకుల్ని దూరంగా పెట్టించండి.

ఇంకొకటి, మేకులు గాడిలో కొట్టబోతే ఆపాను. వాన పారేది గాడిలోనే. జె హుక్కులు గట్టు మీద, రబ్బరు వాషరుతో. బోరు మీది రెండు రేకులకీ హుక్కు బదులు ఇనప బద్దీకి వెల్డింగు చేసిన బోల్టులు, పైన రెక్కల నట్లు. నట్లకి గ్రీజు పూసి ఉంచాం.

కరెంటు పని, తర్వాత రాని నీళ్లు

డిసెంబరు 10న వైరింగు. ఎర్తింగు కొత్తగా వేయించాను. పాతదాని తీగ చేత్తో లాగితే ఊడొచ్చింది, ఇన్నాళ్లూ మేము ఎర్తింగు లేకుండానే తడి చేతుల్తో ఆ స్టార్టరు నొక్కామని తలుచుకుంటే నోట మాట రాలేదు. అమ్మ కూడా నొక్కేది. లీకేజీ కరెంటుకి పడిపోయే బ్రేకరు కూడా పెట్టించాను, ఖర్చు తగ్గిద్దామని దీన్ని వదిలేయొద్దు. స్టార్టరు కంటి ఎత్తులో, పైపులున్న గోడకి ఎదుటి గోడ మీద. కేబులు డబ్బాలోకి పైనుంచి కాకుండా కింద నుంచి, ముందు కొంచెం వేలాడి పైకెక్కేలా వచ్చింది. తీగ వెంట జారిన నీటిబొట్టు ఆ వంపులోనే రాలిపోతుంది, డబ్బాలోకి ఎక్కదు. వాడని రంధ్రాలన్నిటికీ మూతలు. బల్లిని మరిచిపోలేదు.

11న అన్న వచ్చి మోటారు బిగించాడు. దగ్గర్లోనే యూనియన్లు, అంటే విప్పుకునే జాయింట్లు పెట్టాడు, ఇక మోటారు తీయాలంటే రెండు యూనియన్లు, నాలుగు నట్లు, అంతే. ప్రైమింగుకి, అంటే లోపలి గాలి పోవడానికి, నీళ్లు పోశాం. స్టార్టరు నొక్కాను. ఇంట్లో అందరం అక్కడే ఉన్నాం.

మోటారు హాయిగా తిరిగింది. నీళ్లు రాలేదు.

మళ్లీ పోశాం, మళ్లీ తిప్పాం. మూడు గంటలు. ప్రతి జాయింటు మీదా నీళ్లు పోసి గాలి పీలుస్తోందేమో చెవి పెట్టి విన్నాడు. ఏమీ లేదు. నెల రోజులు తిండీ నిద్రా చూసుకోకుండా కట్టుకున్నది ఇలా అయిందని నాకు కాళ్లు ఆడలేదు. చివరికి అన్న వెనక్కి జరిగి కూర్చుని పైపుని దూరం నుంచి చూశాడు. మట్టంగొట్టం తెమ్మన్నాడు. బోరు దగ్గర పైపు మలుపు తిరిగే ముక్క, ఎల్బో, మోటారు నోటి కంటే 2 అంగుళాలు ఎత్తులో ఉంది. పీల్చే పైపు బోరు నుంచి మోటారు వైపుకి కొద్దికొద్దిగా పైకి ఎక్కుతూ రావాలి. మాది దిగుతూ వస్తోంది. ఆ ఎత్తులో గాలి బుడగ నిలిచిపోయి కదలడం లేదు.

కేసింగ్‌ని లేపాం కదా, దానితో పాటు పైపూ లేచింది. దిమ్మ ఎత్తు లెక్క మాత్రం కేసింగ్ లేపకముందు రాసుకున్నది. నేనే రాసుకున్నాను, నేనే మళ్లీ చూసుకోలేదు.

కేసింగ్ కోద్దామా అంటే నాకు మనసొప్పలేదు. మోటారుని లేపడమే దారి. 4 అంగుళాల సి ఆకారపు ఇనప ఛానల్ రెండు ముక్కలు కోయించి, రంధ్రాలు వేయించి, దిమ్మ మీద బోల్టులకి బిగించి, దాని మీద రబ్బరు పలక, ఆపైన మోటారు. దీనికి రెండు రోజులు. డిసెంబరు 13 సాయంత్రం నాలుగింటికి నొక్కితే అర నిమిషానికి పైపు బరువెక్కి చప్పుడు మారింది. ట్యాంకులో నీళ్లు పడ్డ శబ్దం విని అమ్మ లోపలి నుంచి అరిచింది, "వచ్చాయే!"

ఖర్చు

మొత్తాన్ని నూరు అనుకుంటే: పునాది, గచ్చు, దిమ్మ 22. గోడలు, ప్లాస్టరింగు 31. రేకులు, ఇనుము 21. తలుపు, జాలీలు 9. వైరింగు, ఎర్తింగు 12. మిగతా 5 కేసింగ్ ముక్క, కప్లింగు, ఛానల్, తిరిగిన బండి ఖర్చు. అనుకున్నదానికి నాలుగో వంతు మించింది. 33 రోజుల్లో నిజంగా పని జరిగింది 16 రోజులే.

తర్వాత

వారం తిరక్కుండానే షెడ్డు నిండిపోయింది. ఎరువు బస్తా, పురుగు మందు డబ్బా, పెట్రోలు క్యాను. తాళం ఉన్న గది కదా అని తలా ఒకటి తెచ్చి పెట్టారు. అన్నీ బయటికి తీయించాను. ఆ డబ్బా ఒలికితే దాని పక్కనే బోరు నోరు ఉంది.

జనవరిలో ఒక రాత్రి గట్టి వాన పడింది. టార్చి పట్టుకుని వెళ్లి లోపల నిలబడ్డాను. గచ్చు పొడిగా ఉంది. విప్పుకునే రెండు రేకుల అతుకు దగ్గర ఒక్క చోట చుక్క పడుతోంది, అది కూడా మోటారు మీద కాదు. ఆ అతుకు మీద రేకు పట్టీ ఒకటి వేయించాను. మోటారు రెండు గంటలు నడిచాక లోపల థర్మామీటరు పెడితే బయటి కంటే 4 డిగ్రీలే ఎక్కువ.

ఫిబ్రవరి 9న నీళ్లు తగ్గాయి. ఫుట్‌వాల్వు. అన్న ఇద్దరు మనుషుల్ని వెంట తెచ్చాడు. రెక్కల నట్లు చేత్తోనే వచ్చాయి, రెండు రేకులూ దించడానికి పది నిమిషాలు పట్టింది. క్లాంపు పెట్టి ముగ్గురూ లాగుతుంటే మొదటి జత పైపులు నీళ్లు కారుతూ గోడ ఎత్తు దాటి, రేకులు దాటి, అలా పైకి లేస్తూ పోయాయి. గది లోపల నిలబడి తల పైకెత్తి చూస్తున్నాను. ఇరవై అడుగుల పైపులు ఆకాశంలో ఊగుతుంటే చుక్కలు నా మొహం మీద పడ్డాయి. అన్న లోపల రెంచి తిప్పాడు, చేయి ఎక్కడా గోడకి తగల్లేదు. ఫుట్‌వాల్వు మార్చి, పైపులన్నీ దింపి, రేకులు బిగించేసరికి మూడు గంటలైంది.

వెళ్లేముందు అన్న పెయింటు డబ్బా అడిగాడు. తలుపు వెనక గోడ మీద రాయించాడు: పైపులు 5 జతలు, ఒక్కొక్కటి 20 అడుగులు, జెట్ నంబరు, బ్రేకరు సైజు, ఫుట్‌వాల్వు మార్చింది ఫిబ్రవరి 9. "నేను రాకపోయినా వచ్చినవాడికి తెలియాలి కదా చెల్లెమ్మా" అన్నాడు. కింద ఇంకో నాలుగు వరసలకి చోటు వదిలి రాశాను.